ముందు కొక్కెం

గోదాం గేటు దగ్గర వదిన ఒక్క కేక వేసిందంటే లారీ హారన్ కూడా చిన్నబోయేది.

"ఒరేయ్ నత్తా! నువ్వు నడిచొచ్చేలోపు ఈ టీ తోడుకుని పెరుగైపోతుంది. కాస్త కాళ్లు కదుపు!"

"మీసాలూ! నీ మీసాలకి వేరే గ్లాసు పెట్టాను, రా!"

రేకు పందిరి కింద, పొయ్యి ముందు కూర్చున్న చోటు నుంచి కదలకుండానే లోపల ఏ మూల ఎవడున్నాడో కనిపెట్టి పిలిచేది. దుమ్ములో, చెమటలో వంగిపోయిన నడుములు ఆ పిలుపుకి నిటారయ్యేవి. పక్క వీధిలో ఇంకో టీ కొట్టు ఉంది. అక్కడ టీ ఇంతకన్నా చిక్కగా ఉంటుంది. అయినా ఎవడూ అటు పోడు. వదిన సరుకులో సగం ఆమె గొంతే మరి.

ఆమె నిజంగా వదిన పెద్దాయనకే. సొంత అన్న భార్య. పెద్దాయనంటే మరీ పండిపోయినవాడేం కాదు, ఈ పనిలో నడివయసు దాటితే చాలు, ముసలాళ్లలో కలిపేస్తారు. చదువబ్బక బడి ఎగ్గొట్టి తిరుగుతుంటే అన్న చెయ్యి పట్టుకుని ఈ గోదాంలోకి తీసుకొచ్చాడు. మొదటి రోజు భుజానికి బస్తా ఎత్తగానే కూలబడ్డాడు. ఆ సాయంత్రం భుజం బుంగలా వాచిపోతే ఉప్పు మూటతో కాపడం పెట్టింది వదినే. అప్పటికామె కాపురానికి వచ్చి ఎన్నాళ్లో కాలేదు.

"మీ అన్నకి నేనొక్కదాన్నే బరువనుకున్నా. నువ్వొకడివి తయారయ్యావా?" అని వెక్కిరిస్తూనే, చెయ్యి లేవడంలేదని ముద్దలు కలిపి నోట్లో పెట్టింది.

అన్న పోయాక ఆయన కొక్కెం తమ్ముడి చేతికొచ్చింది. కొక్కెమంటే వంకర ఇనప ముల్లు, దానికో చెక్కపిడి. బస్తాలో గుచ్చి లాగితేగానీ మూట భుజమెక్కదు. పాతబడిన పిడి అరచేతిని కోస్తోందని వదిన దానికి ఎర్రగుడ్డ చుట్టి, దబ్బనంతో గట్టిగా కుట్టిచ్చింది. గోదాం మొత్తంలో గుడ్డ కట్టిన కొక్కెం అదొక్కటే.

"పెద్దాయన కొక్కేనికి పెళ్లయిపోయింది. మనవే బ్రహ్మచారుల్లా తిరుగుతున్నాయి" అనేవాడు మీసాలు.

ఆ గోదాంలో ఒక పద్ధతుంది. ఏదైనా తేల్చుకోవాల్సి వస్తే చేతులెత్తరు, కాగితాలు రాయరు. ఎత్తిన చెయ్యి పక్కవాణ్ని చూసి దిగిపోతుంది. కాగితం సగం మందికి చదవడం రాదు. అందుకని స్తంభాల మధ్య రెండు తాళ్లు కడతారు. ఒకటి ఔను తాడు, ఒకటి కాదు తాడు. ఎవడి కొక్కెం వాడు తెచ్చి తనకి నచ్చిన తాడుకి తగిలించాలి. కొక్కెం తాడు మీదుంటే చేతిలో పనుండదు, పని లేకపోతే కూలుండదు. కాబట్టి ఎవడూ నానబెట్టడు, గబగబా తేల్చేస్తారు. అందరికన్నా పాతకాపు ముందు తగిలించాలి, అది మర్యాద. అన్న ఉన్నప్పుడు అన్నది ముందు కొక్కెం. తర్వాత పెద్దాయనది. పేరుకి ఎవడిష్టం వాడిదే కానీ, ముందు కొక్కెం ఎటెళ్లిందో కంటి చివరనుంచి చూడకుండా తాడు దగ్గరికెళ్లినవాడు లేడు.

కిందటేడు ప్రభుత్వం వైద్యం సంగతి మారుస్తూ చట్టం తెచ్చింది. దాన్ని గోదాంలో అందరూ బాన చట్టమన్నారు. బానంటే వైద్యం కోసం అందరూ తలా కాస్త డబ్బు పోసే నిధి. అప్పటిదాకా ఎవరి బాన వారిది. గోదాం వాళ్లకి గోదాం బాన ఉంది. కూలిలో కొంత కోస్తారు, యజమాని కొంత కలుపుతాడు. జ్వరమొచ్చినా, కాలు విరిగినా, ఇంట్లో కాన్పైనా ఆ నీళ్లే తోడుకోవాలి. గోదాం పక్కనే మందుల గది, అందులో ఒక కాంపౌండరు. పెద్ద జబ్బైతే మాట్లాడుకున్న ఆసుపత్రిలో మంచం. ఏ బానా లేనివాళ్లకి, అంటే టీ అమ్మేవాళ్లకి, బండి తోసేవాళ్లకి, ఇళ్లలో అంట్లు తోమేవాళ్లకి జబ్బు చేస్తే జేబు తడుముకోవడం, జేబు చాలకపోతే దేవుడికి చెప్పుకోవడం. అన్న బతికున్నన్నాళ్లూ వదిన గోదాం బానలోనే ఉండేది. అన్న పోవడంతోనే ఆమె పేరు కొట్టేశారు.

ఇక మీదట దేశమంతటికీ ఒకే పెద్దబాన అంది చట్టం. ఎవరి సంపాదన కొద్దీ వాళ్లు పోయాలి, ఎవరి జబ్బు కొద్దీ వాళ్లు తోడుకోవాలి. అయితే సొంత బాన ఉన్న గోదాములూ, మిల్లులూ వెంటనే కలవనక్కరలేదు. ఇష్టమైతే కలవొచ్చు, లేకపోతే ఏడాది ఆగొచ్చు. ఏడాది తర్వాత మళ్లీ అడుగుతారు.

ఆ సంగతి చెప్పడానికి నిధి ఆఫీసు నుంచి ఒకావిడొచ్చింది. బస్తాల మీదే కూర్చుని మాట్లాడింది పాపం.

"మీకు తెలియని బరువుల సంగతి నేనేం చెప్తానండీ? నలుగురూ నాలుగు మూలలా పట్టుకుంటే ఎవరి నడుమూ విరగదు. సొంత బాన ఉన్న గట్టివాళ్లంతా చేతులు తీసేసి, ఏ బానా లేనివాళ్లే ఎత్తుకోండంటే అది లేస్తుందా?"

"మేడమ్, మా దగ్గర ఒక బస్తాని నలుగురు పట్టుకుంటే నలుగుర్నీ ఇంటికి పంపించేస్తారండీ" అన్నాడు మీసాలు. గోదాం ఘొల్లుమంది. ఆవిడా నవ్వేసింది. కానీ చెప్పాలనుకున్నది ఆ నవ్వులో కొట్టుకుపోయింది.

పెద్దాయన నవ్వలేదు. ఆయనకి ఆవిడ మాట అర్థమైంది. అర్థం కాకపోయినా బాగుండేదని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నాడో. ఎందుకంటే అప్పటికి ఇంట్లో భార్య మోకాలు పూర్తిగా పోయింది. గోడ పట్టుకుని పెరట్లోకెళ్లడమే గగనం. చిప్ప మార్చాలన్నారు. గోదాం బాన కింద ఆసుపత్రిలో మంచం ఖాయమైంది, పిలుపు రేపో మాపో అన్నట్టుంది. ఇప్పుడు పోయి పెద్దబానలో కలిస్తే కొత్త వరసలో మళ్లీ తోకన నిలబడాల్సి రావచ్చని కాంపౌండరు చెవిలో ఊదాడు. వస్తుందో రాదో అతనికీ తెలియదు. రావచ్చన్నాడంతే. భయానికి అంత చాలు.

తాళ్లు కట్టిన రోజు పొద్దున పెద్దాయన కొక్కెం పట్టుకుని నడిచాడు. కలుద్దామా అన్నది ప్రశ్న. గేటు బార్లా తెరిచుంది. బయట వదిన పొయ్యి రాజేస్తోంది, వీపు ఇటుంది. వీపు ఇటుందని చూసుకునే వేశాడు, అదే ఆయన్ని తర్వాత ఎక్కువ కోసిన సంగతి. కాదు తాడుకి తగిలించి, చేతులు దులుపుకుని పక్కకొచ్చాడు. వెనక నత్త వచ్చాడు, ఎర్రగుడ్డ వైపు చూశాడు, దాని పక్కనే తగిలించాడు. ఆ వెనక మీసాలు. కొందరు ఔను తాడుకీ వేశారు, కుర్రవాళ్లే ఎక్కువ. చివరికి కాదు తాడు కాస్త కిందికి వంగింది. పెద్ద తేడాతో కాదు. పెద్దాయన ఒక్కడు ఔను తాడుకి వేసుంటే వెనక నలుగురైదుగురు అటే వచ్చేవాళ్లు. ఆ లెక్క ఎవరూ పైకి అనలేదు. అనక్కర్లేదు కూడా.

"పెద్దాయనా! టీ!" అని కేకేసింది వదిన, ఎప్పటిలాగే.

వెళ్లి తాగాడు. చేదుగా తగిలింది. తన నోరే చేదెక్కిందనుకున్నాడు. గ్లాసు కింద పెట్టి వచ్చేశాడు.

అనుకున్నట్టే ఆసుపత్రి పిలుపొచ్చింది. భార్యకి కొత్త చిప్ప వేశారు. ఇంటికి తీసుకొచ్చాక మంచం దిగడానికి లేదు. ఎవరు చూస్తారు? కొట్టు సర్దేసుకుని రోజూ మధ్యాహ్నం వదినే వచ్చేది. తోడికోడలి కాలు ఒళ్లో పెట్టుకుని డాక్టరు చెప్పినట్టు మెల్లగా వంచేది.

"అబ్బా, చచ్చానక్కా!"

"చావడానికా ఇంత ఖర్చు పెట్టించావు? వంచు. ఇంకాస్త. నా మరిది నీతో పరుగుపందెం పెట్టుకుంటాడు చూడు."

గుమ్మంలో నిలబడి పెద్దాయన అది చూసేవాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె మామూలుగా ఏమన్నా తననే అన్నట్టుండేది. భార్య మొదటిసారి గోడ వదిలి నడిచిన రోజున వదిన చప్పట్లు కొట్టింది. అంతలోనే దగ్గొచ్చి, మెడ పట్టుకుని కూర్చుండిపోయింది.

అప్పుడు చూశాడు. గొంతు ముందు రేగుపండంత గడ్డ.

"ఏంటి వదినా అది?"

"ఏముంది, ఇన్నాళ్లూ మిమ్మల్నందర్నీ పిలిచి పిలిచి గొంతుకి కాయ కాసింది."

పెద్దబాన వాళ్ల ఆసుపత్రికి తీసుకెళ్లాడు. డాక్టరు పిల్ల చాలా మర్యాదగా చెప్పింది. గడ్డ ప్రాణం తీసేది కాదట. కానీ పెరుగుతోంది, గొంతు నరాన్ని నొక్కుతోంది, ఎంత తొందరగా తీసేస్తే గొంతు అంతగా దక్కుతుంది. మరి తొందరగా తియ్యండమ్మా అన్నాడు. ఆమె వసారా వైపు చూపించింది. గోడ పొడుగునా బెంచీలు, బెంచీల పొడుగునా మనుషులు. అందరూ వదినలాంటి వాళ్లే. బండి తోసేవాళ్లు, అంట్లు తోమేవాళ్లు. గోదాం మనిషిగానీ, మిల్లు మనిషిగానీ ఒక్కడూ లేడు.

"మొదటేడు కదండీ. పెద్దపెద్ద గోదాముల వాళ్లూ, మిల్లుల వాళ్లూ ఇంకా కలవలేదు. వాళ్లు కలిస్తే ఇంకో ఆపరేషన్ గది తెరుస్తామంటున్నారు. అప్పటిదాకా వరసలో ఉండాలి."

పెద్దాయన ఆ బెంచీల మీంచి చూపు తిప్పుకున్నాడు. వదిన మాత్రం "అలాగేనమ్మా, నువ్వు మాత్రం ఏం చేస్తావు, తిన్నావా?" అని అడిగి లేచింది.

మర్నాడు గోదాం మందుల గదికెళ్లి కాంపౌండర్ని పట్టుకున్నాడు.

"బాబూ, ఒక్కసారి మన ఆసుపత్రిలో చూపిద్దామయ్యా. ఒకప్పుడు ఆమె మన బానలో మనిషేగా?"

"నాకు చేతనైతే చెయ్యనా పెద్దాయనా? ఆ టీ తాగి పెరిగినోణ్ణే నేనూ. పెద్దబానలో కలిసుంటే ఎక్కడైనా ఒకటే ఆసుపత్రి, ఒకటే వరస. మనం కలవలేదుగా." కాంపౌండరు సీసా మూత బిగిస్తూ గొణిగాడు. "ముందు కొక్కెం నీదే మరి."

"వరసలో తోకన నిలబడాలన్నావుగా నువ్వు?"

"నిలబడాల్సి రావచ్చన్నాను. వస్తుందన్నానా?"

పెద్దాయన బయటికొచ్చేశాడు.

ఆ ఏడాదంతా అలాగే గడిచింది. భార్య రోజురోజుకీ చురుగ్గా నడుస్తోంది. వదిన గొంతు రోజురోజుకీ తగ్గిపోతోంది. మొదట బొంగురుపోయింది. తర్వాత చీలింది. "మీసాలూ" అంటే "సాలూ" మాత్రమే వినబడేది. మెడకి గుడ్డ చుట్టుకుని కూర్చునేది. చివరికి పిలవడం మానేసి, గరిటెతో కెటిల్ మీద కొట్టడం మొదలెట్టింది. నత్తకి రెండు దెబ్బలు, మీసాలకి మూడు. పెద్దాయనకి ఒక్కటే, గట్టిగా.

"బడి గంటలా ఉంది వదినా. నాకు పాత భయాలన్నీ గుర్తొస్తున్నాయి" అనేవాడు నత్త. ఆమె నవ్వేది. నవ్వుకి చప్పుడుండేది కాదు.

కొందరు పక్క వీధి కొట్టుకి పోవడం మొదలెట్టారు. పెద్దాయన మాత్రం ఒక్క పూట కూడా మానలేదు. వెళ్లేవాడు, తాగేవాడు. ప్రతిసారీ చేదే. తను చేసిన పనికి తన నోరే ఇలా అయిపోయిందని గట్టిగా నమ్మేశాడు. ఇంట్లో తిన్నవి బాగానే ఉండేవి, అక్కడి టీ ఒక్కటే చేదు. పాపం తగిలితే ఇలాగే తగులుతుంది కాబోలనుకున్నాడు. బాగాలేదని చెప్పడానికి ఏ మొహం పెట్టుకుని చెప్తాడు?

ఒకనాడు భార్యకి చెప్పేశాడు.

"నాకోసం వేశావన్నమాట."

"మరింకెవరికోసమే?"

"నన్నడిగావా? అక్క చేత్తో ఈ కాలు వంపించుకుంటూ కూర్చున్నానే, తెలిస్తే నాకు సిగ్గు కాదూ? చేసింది నువ్వు, దాన్ని తీసుకెళ్లి నా మోకాలి మీద పెట్టావు." లేచి వంటగదిలోకెళ్లింది, కుంటకుండా. ఆ నడక చూడలేక తల తిప్పుకున్నాడు.

వదినతో చెప్పాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. మింగలేడు, కక్కలేడు. ఆమె ఎదురుగా కూర్చుంటే అన్నీ మర్చిపోయి "పాలు విరగలేదుగా?" లాంటి మాటలు వచ్చేవి.

ఏడాది తిరిగింది. మళ్లీ తాళ్లు కట్టే రోజొచ్చింది. ఈసారి గోదాంలో గుసగుసలు ఎక్కువయ్యాయి. మందుల గది మూసేస్తారని ఒకడు, మన కష్టం ఊళ్లోవాళ్లంతా తాగేస్తారని ఇంకొకడు. నత్తకి కాన్పుకి సిద్ధంగా ఉన్న కూతురుంది.

"పెద్దాయనా, నిజం చెప్పు, ఆగుదామా?" అన్నాడు. "నువ్వెటంటే అటే."

ఆ మాట పెద్దాయనకి ముల్లులా గుచ్చుకుంది. పోయినేడు తన ఇంట్లో మోకాలి కోసం వీళ్లందర్నీ ఈడ్చుకెళ్లాడు. ఇప్పుడు ఔను తాడుకి వెయ్యమంటే ఎవడైనా అడగొచ్చు, నీ పనయ్యాక నీతులా అని. అడిగితే తన దగ్గర సమాధానం లేదు. నత్త కూతురికి వరస ఆలస్యమైతే ఆ ఉసురూ తనకే.

తేల్చుకోలేక గేటు దగ్గరికెళ్లాడు. వదిన చెయ్యి చాపింది, కొక్కెం ఇవ్వమని. ఇచ్చాడు. దబ్బనంతో పాత ఎర్రగుడ్డ కుట్లు ఒక్కొక్కటే తెంపింది. ఒళ్లోంచి కొత్త గుడ్డ తీసింది. పసుపుపచ్చది, కళ్లు చెదిరేలా ఉంది. దాన్ని పిడికి చుట్టడం మొదలెట్టింది.

"ఇదేంటి వదినా? ఎర్రది బాగానే ఉందిగా."

ఆమె మాట గాలిలా వచ్చింది. ముందుకి వంగితేగానీ వినబడలేదు. "నా కళ్లు కూడా మందగిస్తున్నాయి మరిదీ. ఎర్రదైతే పోయినేడు ఇక్కడినుంచే కనబడింది. ఇప్పుడు కాస్త మెరిసేది కావాలి."

పెద్దాయన అక్కణ్నుంచే తాళ్ల వైపు చూశాడు. వీపు ఇటుందని చూసుకునే వేశాడు కదా! వీపు ఎంతసేపుంటుంది? లెక్క తేలేదాకా ఆ గుడ్డ తాడు మీదే వేలాడింది. తన చేత్తో కుట్టిన గుడ్డ ఆమెకి తెలియదా?

"నీకు... అప్పుడే తెలుసా?"

ఆమె దారం పళ్లతో తెంపి, కొక్కెం అతని చేతిలో పెట్టింది. ఎటు వెయ్యమని మాత్రం అనలేదు. పొయ్యి వైపు తిరిగింది. ఈసారి వీపు పెట్టలేదు, గోదాం వైపే మొహం పెట్టి కూర్చుంది.

పెద్దాయన లోపలికొచ్చాడు. అందరూ కొక్కేలు పట్టుకుని నిలబడ్డారు. మామూలుగా ముందు కొక్కెం మాట్లాడకూడదు, తగిలించడమే. ఆ రోజు ఆగాడు.

"నత్తా, పోయినేడు నేనెటేస్తే అటొచ్చావు. నేను మా ఆవిడ మోకాలి కోసం వేశాను. మీకెవరికీ చెప్పలేదు. ఈసారి నన్ను చూసి వెయ్యకండి. గేటు దగ్గర గరిట చప్పుడు విని, మీకేమనిపిస్తే అది వెయ్యండి."

"చప్పుడు మాకూ వినబడుతూనే ఉంది పెద్దాయనా, మూడు దెబ్బలు నావేగా" అన్నాడు మీసాలు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

పెద్దాయన పసుపు గుడ్డని ఔను తాడుకి తగిలించాడు. వెనక్కి తిరిగి చూడకుండా స్తంభం దాకా నడిచాడు. నత్త చాలాసేపు నిలబడిపోయాడు. ఒకసారి కాదు తాడు దాకా వెళ్లాడు కూడా. మళ్లీ వచ్చి పసుపు గుడ్డకి కాస్త దూరంగా, ఔను తాడుకే వేశాడు. "నా కూతురు కూడా రేపు ఏ టీ కొట్టో పెట్టుకోదని ఏముంది" అని తనలో తను గొణుక్కున్నాడు. కాదు తాడుకీ చాలానే పడ్డాయి. కానీ వంగింది ఔను తాడే.

ఇప్పటికిప్పుడు ఏం జరగదని పెద్దాయనకీ తెలుసు. మిల్లులు కలవాలి, ఇంకో గది తెరవాలి, వరస కదలాలి. గొంతు నరం అప్పటిదాకా ఓపిక పడుతుందో లేదో డాక్టరు పిల్ల కూడా చెప్పలేదు. పోయిన ఏడాది పోయినట్టే. దాన్ని ఏ తాడుకి తగిలించినా తిరిగి రాదు.

కెటిల్ మీద ఒక్క దెబ్బ పడింది, గట్టిగా.

వెళ్లాడు. ఆమె గ్లాసు అందించింది. ఒక గుటక తాగి ఆగిపోయాడు. మళ్లీ తాగాడు. చేదు కాస్త తగ్గినట్టుంది.

"వదినా, నీకు కోపం రాలేదా?"

"రాదేంటి? మనిషిని కానా?" గుసగుసలాంటి ఆ గొంతులో పాత వెటకారం తొంగి చూసింది. "అందుకేగా ఆ రోజునుంచీ నీ టీలో పంచదార వెయ్యడం మానేశాను. నువ్వెప్పుడడుగుతావా, నాలుగు తిట్టి దులిపేసుకుందామా అని చూశాను. ఏడాది తాగావు కానీ నోరు విప్పావా?"

పెద్దాయన గ్లాసులోకి చూశాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడాదిపాటు పాపమనుకుని మింగింది పంచదార లేని టీయా!

"మరి ఇవాళ వేశావుగా?"

"అర చెంచా." ఆమె మెడ గుడ్డ సర్దుకుంది. "మిగతా అర చెంచా, నిన్ను మళ్లీ కేకేసి పిలిచిన రోజు వేస్తాను."

పెద్దాయన ఆ సగం తీపి టీ చివరిదాకా తాగి, గ్లాసు తనే కడిగి పెట్టి, తాడు మీంచి కొక్కెం తీసుకోవడానికి లోపలికి నడిచాడు.